పరగడుపున ఫిల్టర్ కాఫీలో ఆలివ్ నూనె కలిపి తాగవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు కడపలో ఉంటున్నారు, ఇంట్లో ఉదయం ఫిల్టర్ కాఫీ అలవాటు. పరగడుపున కాఫీలో ఒక పెద్ద చెంచా ఆలివ్ నూనె కలిపి తాగితే బరువు తగ్గుతుందని, మలబద్ధకం పోతుందని, చర్మం నిగనిగలాడుతుందని వీడియోల్లో చూశారు. మీరూ, మధుమేహం, రక్తపోటు ఉన్న మీ అమ్మగారూ దీన్ని మొదలుపెట్టవచ్చా అని అడిగారు. ఏ నూనె కొనాలి, ఎంత వేయాలి, కాఫీ వేడికి నూనె చెడిపోదా, మన గానుగ వేరుశనగ నూనె వేస్తే సరిపోదా అని కూడా అడిగారు.

ముందుగా నా సంగతి ఒక మాట చెప్పాలి. నేను వైద్యుణ్ని కాను. అనంతపురంలో నూనెల సాంకేతిక విద్య చదువుకొని, రాయలసీమ జిల్లాల నూనె మిల్లుల్లో నాణ్యత పరీక్షల పని చాలా కాలం చేశాను. ఇప్పుడు చిన్న ఆహార తయారీదారులకు సలహాలు ఇస్తున్నాను. కాబట్టి నూనె గురించి నేను చెప్పేది అనుభవంతో చెప్పేది. ఒంటి గురించి చెప్పేది ప్రచురితమైన పరిశోధనల నుంచి తెలుసుకున్నది. అమ్మగారి విషయంలో చివరి మాట ఆమెను చూస్తున్న వైద్యులదే కావాలి.

నేరుగా సమాధానం: ఆరోగ్యంగా ఉన్నవారు కాఫీలో ఒక చిన్న చెంచా మంచి ఆలివ్ నూనె కలుపుకుంటే ప్రమాదం లేదు, కానీ కాఫీలో కలిపినందువల్ల ప్రత్యేకంగా వచ్చే లాభం కూడా లేదు. ఆలివ్ నూనె చేసే మేలు భోజనంలోని మరో కొవ్వు స్థానంలో అది చేరినప్పుడు వస్తుంది. ఉన్న కొవ్వుపై అదనంగా పోసుకుంటే రాదు. బరువు తగ్గడానికైతే ఇది పనికిరాదు, పైగా పెరగవచ్చు. అమ్మగారికి పరగడుపున ఇవ్వవద్దు. ఆ నూనెను మధ్యాహ్నం అన్నంలోనో, కూరలోనో వాడండి. ఇకపై రాసేదంతా ఈ మాటలకు కారణాలే.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాని బరువెంతో తెలుస్తుంది. కాఫీలో, టీలో కొవ్వు కలపడం కొత్తదేమీ కాదు. టిబెట్‌లో వెన్న, ఉప్పు వేసిన టీ తాగుతారు, ఇథియోపియాలో కొన్ని ప్రాంతాలవారు కాఫీలో వెన్న వేసుకుంటారు. చలి ఎక్కువగా ఉండి, ఒంటికి శక్తి చాలని చోట్ల అది ఆహారం. ఆ టిబెట్ టీని చూసి అమెరికాలో డేవ్ ఆస్‌ప్రే అనే వ్యాపారి వెన్న, కొబ్బరి నూనె నుంచి తీసిన ఒక రకం కొవ్వు కలిపిన కాఫీని ప్రచారం చేశాడు. మన దగ్గర ఇప్పుడు కనిపిస్తున్న నెయ్యి కాఫీ దాని వెంట వచ్చినదే. ఆలివ్ నూనె కాఫీకి ఇంత ప్రచారం రావడానికి కారణం మాత్రం స్టార్‌బక్స్ అనే అమెరికా కాఫీ దుకాణాల సంస్థ. ఆ సంస్థ అప్పటి అధిపతి హోవర్డ్ షుల్ట్జ్ సిసిలీ ద్వీపానికి వెళ్లినప్పుడు, అక్కడివారు రోజూ ఒక చెంచా ఆలివ్ నూనె తాగడం చూసి, దాన్ని కాఫీతో కలిపించాడు. 2023 ఫిబ్రవరిలో ఇటలీలో ‘ఓలియాటో’ పేరుతో అమ్మకం మొదలైంది. తరువాత అమెరికాకూ వెళ్లింది. అక్కడ కొందరు తాగిన వెంటనే మరుగుదొడ్డికి పరుగెత్తవలసి వస్తోందని చెప్పారు, ఆ సంగతి పత్రికల్లోనూ వచ్చింది. 2024 నవంబరులో అమెరికా, కెనడా దుకాణాల నుంచి ఆ పానీయాలను సంస్థే తీసివేసింది. ఇక్కడ మీరు గమనించవలసింది ఒకటి ఉంది. సిసిలీలో చెంచాడు నూనె తాగేవారు దాన్ని కాఫీలో కలిపి తాగేవారు కాదు. ఆ రెంటినీ కలిపింది వ్యాపారమే, అక్కడి ఆచారం కాదు.

ఇక నూనె లెక్కకు వస్తాను. ఒక పెద్ద చెంచా, అంటే సుమారు 15 మిల్లీలీటర్ల ఆలివ్ నూనె తూకానికి 13.5 గ్రాములు ఉంటుంది, దాదాపు 120 కేలరీల శక్తినిస్తుంది. ఇందులో ఆలివ్‌కు, వేరుశనగకు, పొద్దుతిరుగుడుకు తేడా లేదు. ఏ నూనెకైనా గ్రాముకు 9 కేలరీలే. మీ ఇంటి గ్లాసు కాఫీలో 100 మిల్లీలీటర్ల టోన్డ్ పాలు, రెండు చిన్న చెంచాల చక్కెర ఉంటాయనుకుంటే అది 100 కేలరీలకు అటూఇటూగా ఉంటుంది. పెద్ద చెంచా నూనె పడితే ఆ గ్లాసులోని కేలరీలు రెట్టింపు దాటుతాయి. మిగతా తిండిలో మార్పేమీ లేకుండా నెల రోజులు ఇలా తాగితే 3,600 కేలరీలు అదనంగా చేరతాయి. లెక్కప్రకారం అది దాదాపు అర కిలో కొవ్వుకు సమానం. కొవ్వు కడుపులో కొంచెం సేపు నిలుస్తుంది కాబట్టి ఆకలి ఆలస్యమవుతుందన్న వాదన ఉంది, అందులో కొంత నిజముంది. అయితే తొమ్మిది గంటలకు ఉగ్గాని, బజ్జీ తినే ఇంట్లో ఆ ఆకలి ఆలస్యమైనా పళ్లెంలో పడేది తగ్గదు. నేను చూసిన చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. తగ్గించడం సంగతి మరచిపోయి, కలపడం మాత్రం కొనసాగిస్తారు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు రెండు వేల కేలరీలు తినేవారికి పళ్లెంలో నూనె, నెయ్యి వంటి కంటికి కనిపించే కొవ్వు 27 గ్రాములు చాలని సూచించింది. ఒక పెద్ద చెంచా ఆలివ్ నూనె అందులో సగం. ఉదయం ఏడు గంటలకే సగం కోటా కాఫీలో పోస్తే, కూర తాలింపుకూ, దోశ పెనానికీ, పచ్చడి తిరగమోతకూ మిగిలేది మరో పెద్ద చెంచాడే. మన రాయలసీమ వంటలో ఆ లెక్కలో బతకడం ఎంత కష్టమో వంట చేసేవారికి తెలుసు.

అయితే ఆలివ్ నూనెకు ఇంత పేరు ఊరికే రాలేదు, దాన్ని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. దానిలోని కొవ్వు ఆమ్లాల్లో ఎక్కువ భాగం ఓలియిక్ ఆమ్లం, అది అసంతృప్త కొవ్వు. సాధారణంగా అది 55 నుంచి 83 శాతం వరకు ఉంటుంది. చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే సంతృప్త కొవ్వు దాదాపు 14 శాతం. నెయ్యిలో అది 60 శాతానికి పైగా, కొబ్బరి నూనెలో 80 శాతానికి పైగా ఉంటుంది. అందువల్ల ఎవరైనా నెయ్యి కాఫీ తాగాలా, ఆలివ్ నూనె కాఫీ తాగాలా అని అడిగితే, చెడు కొలెస్ట్రాల్ దృష్టితో చూసినప్పుడు ఆలివ్ నూనే మేలని సందేహం లేకుండా చెబుతాను. ఎక్స్‌ట్రా వర్జిన్, అంటే రసాయనాలు లేకుండా పిండి తీసిన మేలు రకంలో దీనికి తోడు పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఉంటాయి. మంచి తాజా నూనె మింగినప్పుడు గొంతులో మిరియం ఘాటు తగులుతుంది. ఆ ఘాటును కలిగించేది ఓలియోకాంథాల్ అనే పదార్థం. అది నూనె చెడిపోయిన గుర్తు అనుకొని సీసాను వెనక్కి ఇచ్చినవారిని చూశాను. నిజానికి అది తాజాదనానికి గుర్తు.

గుండెకు మేలన్న మాటకు ప్రధాన ఆధారం స్పెయిన్‌లో జరిగిన ‘ప్రెడిమెడ్’ పరిశోధన. గుండె జబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న ఏడు వేలకు పైగా మనుషులను తీసుకొని, ఒక వర్గానికి మధ్యధరా ప్రాంతపు భోజనంతో పాటు ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెను ఇంటికి వారానికి ఒక లీటరు చొప్పున ఇచ్చారు. వారిలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం, ఈ మూడూ కలిపి దాదాపు 30 శాతం తక్కువగా కనిపించాయి. 2013లో ప్రచురించిన ఆ వ్యాసాన్ని, మనుషులను వర్గాలుగా విభజించిన తీరులో లోపాలు బయటపడటంతో ఉపసంహరించి, లెక్కలు సరిచేసి 2018లో మళ్లీ ప్రచురించారు. ఫలితం దాదాపు అలాగే నిలిచింది. కానీ ఆ నూనె వెళ్లింది కూరగాయల్లోకి, పప్పుల్లోకి, చేపల్లోకి. దానితో పాటు గింజలు, పండ్లు, ఆకుకూరలు కలిసిన భోజనమంతా మారింది. కాఫీ గ్లాసులో పోసిన చెంచాడు నూనెకు ఆ ఫలితాన్ని అంటగట్టడం న్యాయం కాదు.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018లో, కనీసం 70 శాతం ఓలియిక్ ఆమ్లం ఉన్న నూనెలను రోజుకు 20 గ్రాములు తీసుకుంటే గుండె జబ్బు ముప్పు తగ్గవచ్చని సీసాలపై రాసుకోవడానికి అనుమతి ఇచ్చింది. ఆధారాలు ఉన్నాయి గాని తిరుగులేనివి కావన్న మాటను కూడా దానితోనే రాయమంది. సంతృప్త కొవ్వు ఎక్కువగా ఉండే నూనెల స్థానంలో వాడాలి, రోజు మొత్తం కేలరీలు పెరగకూడదు అన్న షరతు కూడా పెట్టింది. వీడియోలు చెప్పేవారు మొదటి సగం చదివి రెండో సగం వదిలేస్తున్నారు. నాకు బాధ కలిగించేది అదే, ఎందుకంటే మేలంతా ఆ రెండో సగంలోనే ఉంది.

కాఫీలోనూ క్లోరోజెనిక్ ఆమ్లాల వంటి మంచి పదార్థాలు ఉన్నాయి. రెండు మంచివి కలిస్తే బలం రెట్టింపవుతుందని చెప్పడం వినడానికి బాగుంటుంది, కానీ ఆ రెండూ ఒకే గ్లాసులో కలవడం వల్ల ఒకదాని శక్తి మరొకటి పెంచుతుందనడానికి నమ్మదగిన ఆధారమేదీ నేను చూడలేదు. ఉదయం కాఫీ, మధ్యాహ్నం అన్నంలో నూనె తీసుకున్నా ఒంటికి అందేవి అవే. చర్మం నిగారింపు గురించి కూడా ఇంతే. దానిపై ఇంతకంటే రాయడం అనవసరం.

మలబద్ధకం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మనుషులకు నిజంగానే ఏదో జరుగుతుంది, అది చూసి మిగతా మాటలన్నీ నమ్మేస్తారు. కాఫీ పెద్దపేగును కదిలిస్తుంది. 1990లో బ్రిటన్‌లో ప్రచురించిన ఒక పరిశోధనలో, కాఫీ తాగిన నాలుగు నిమిషాల్లోనే కొందరి పెద్దపేగు చివరి భాగంలో కదలిక పెరిగినట్టు కొలిచారు. కెఫీన్ తీసిన కాఫీతో కూడా అలాగే జరిగింది. మరో వైపు, కొవ్వు చిన్నపేగును చేరగానే పిత్తాశయం ముడుచుకొని పైత్యరసాన్ని వదులుతుంది. జీర్ణమవకుండా కిందికి జారిన కొవ్వు మలాన్ని మెత్తబరుస్తుంది. ఖాళీ కడుపులో ఈ రెండూ ఒకేసారి పడితే కొందరికి సుఖ విరేచనం అవుతుంది, కొందరికి కడుపు తిప్పుతుంది, మరికొందరికి ఇంటి నుంచి కదలడమే కష్టమవుతుంది. అమెరికాలో వచ్చిన ఫిర్యాదులకు కారణం ఇదేనని నేను అనుకుంటున్నాను. కర్నూలులో నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఇలా తాగి ఉదయపు నడకకు బయలుదేరి, మధ్యలోనే వెనక్కి వచ్చేవారు. అదే నూనెను మధ్యాహ్నం భోజనానికి మార్చుకున్నాక ఆ ఇబ్బంది లేదు, మలబద్ధకం కూడా మునుపటంత లేదని చెప్పారు.

మన ఫిల్టర్ కాఫీలో అక్కడి కాఫీలో లేనిది ఇంకొకటి ఉంది, అది చికోరి. మన ఆహార ప్రమాణాల ప్రకారం కాఫీ చికోరి మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉంటే చాలు, మిగిలిన 49 శాతం వరకు చికోరి ఉండవచ్చు. చికోరి వేరులో ఇన్యులిన్ అనే పీచు ఉంటుంది. అది పెద్దపేగులో పులిసి కొందరికి గాలి, ఉబ్బరం కలిగిస్తుంది. వేయించినప్పుడు కొంత తగ్గినా పూర్తిగా పోదు. చికోరి ఎక్కువగా ఉన్న పొడితో, పెద్ద చెంచా నూనెతో, పరగడుపున తాగితే కడుపు మూడు వైపుల నుంచి ఒత్తిడికి లోనవుతుంది. మీకు ఇప్పటికే కాఫీ తాగితే ఉబ్బరంగా ఉంటుందంటే, నూనె సంగతి మానేసి ముందుగా చికోరి తక్కువగా ఉన్న పొడికి మారి చూడండి.

ఇప్పుడు ఎవరు దీని జోలికి పోకూడదో చెబుతాను. పిత్తాశయంలో రాళ్లు ఉన్నవారు పరగడుపున నూనె తాగకూడదు. పిత్తాశయం గట్టిగా ముడుచుకున్నప్పుడు రాయి గొట్టానికి అడ్డం పడి తీవ్రమైన నొప్పి రావచ్చు. ఆదోనిలో మిల్లు నడిపే ఒక మిత్రుని ఇంట్లో ఒకరికి నూనె కాఫీ తరువాత కుడి పక్కటెముకల కింద నొప్పి వచ్చి, స్కానింగ్ చేస్తే రాళ్లు బయటపడ్డాయి. నూనె రాళ్లను పుట్టించలేదు, ఉన్నవాటిని కదిలించింది. చాలామందికి రాళ్లు ఉన్నట్టే తెలియదు, మధుమేహం ఉన్నవారిలో, వయసు పైబడిన స్త్రీలలో అవి ఎక్కువ. అమ్మగారికి పరగడుపున వద్దని నేను చెప్పడానికి మొదటి కారణం ఇదే. గొంతులోకి పులుపు ఎగదన్నే జబ్బు ఉన్నవారికీ కాఫీ, కొవ్వు రెండూ సరిపడవు. రెంటినీ కలిపి తాగితే మంట ఎక్కువవుతుంది. ఉదయం థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు మాత్రకూ కాఫీకీ మధ్య కనీసం అరగంట నుంచి గంట వరకు ఎడం ఉంచాలి. ఇది నూనె ఉన్నా లేకపోయినా పాటించవలసిన సంగతి.

అమ్మగారి మధుమేహం విషయంలో నూనె వల్ల నేరుగా చక్కెర పెరగదు, ఎందుకంటే నూనెలో పిండి పదార్థం లేదు. అయితే కాఫీలో వేసే చక్కెర అలాగే ఉండి, దాని మీద నూనె పోస్తే ఆ చక్కెర మాయం కాదు. ఆమె గ్లాసులో చక్కెర రెండు చెంచాల నుంచి అర చెంచాకు తగ్గిస్తే వచ్చే లాభం ఏ నూనెతోనూ రాదు. రక్తపోటు మందుల సమయం, కాఫీ సమయం గురించి వైద్యులను అడగండి.

కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారికి ఒక చిన్న సంగతి. కాఫీ గింజలోనే కెఫెస్టాల్, కాహ్వియాల్ అనే కొవ్వు పదార్థాలు ఉంటాయి, అవి చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతాయి. కాగితపు వడపోతలో అవి దాదాపుగా ఆగిపోతాయి, మన లోహపు ఫిల్టరులో పూర్తిగా ఆగవు, పొడి వేసి మరిగించి తాగే కాఫీలో ఎక్కువగా దిగుతాయి. గుండె కోసమే ఇదంతా చేస్తున్నామనుకునేవారు, రోజుకు నాలుగైదు గ్లాసులు తాగేవారైతే, నూనె కలపడం కంటే గ్లాసులు తగ్గించడం మంచిది.

వేడికి నూనె చెడిపోతుందా అన్న మీ సందేహానికి సమాధానం: అంత భయం అక్కర్లేదు. తాగే కాఫీ వేడి 60 నుంచి 80 డిగ్రీల మధ్య ఉంటుంది. మంచి ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె పొగరావడానికి 190 డిగ్రీలు, అంతకంటే పైన కావాలి. గ్లాసులో ఉన్న పది నిమిషాల్లో విషమేమీ పుట్టదు. వేడికి మొదట పోయేది సువాసన మాత్రమే. నూనె కలిపిన కాఫీని ఫ్లాస్కులో పోసి గంటల తరబడి ఉంచడం, చల్లారాక మళ్లీ మరిగించడం మాత్రం చేయవద్దు. రుచి పాడవుతుంది, నూనె విడిపోయి పైకి తేలుతుంది.

కలవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఒక్కసారి చేసి, జిడ్డు పెదాలకు అంటి, మరి ముట్టుకోరు. అనంతపురంలో ఒక చిన్న కాఫీ దుకాణం వారు ఈ పానీయం పెట్టాలనుకొని నన్ను పిలిచారు. డికాక్షన్‌లో నేరుగా పోస్తే నూనె మొత్తం పైన వలయాలుగా నిలిచింది. పాలు కలిపి, గ్లాసు, డవరా మధ్య బాగా తిరగబోస్తే నురగలో కలిసినట్టే కనిపించి, కొద్ది నిమిషాల్లోనే మళ్లీ పైకి వచ్చింది. నీటిలో నూనె నిలవాలంటే నూనె బొట్లు చాలా చిన్నవిగా విరగాలి, వాటి చుట్టూ ఒక పొర ఏర్పడాలి. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ ఆ పొరను ఏర్పరుస్తుంది, కానీ బొట్లను విరగ్గొట్టే పని చేతితో తిరగబోస్తే సరిగ్గా జరగదు. వేడి పాలలో ముందుగా నూనె వేసి, చేతి మిక్సర్‌తో అర నిమిషం గిలకొట్టి, ఆ తరువాత డికాక్షన్ కలిపినప్పుడు మాత్రమే తాగేంతసేపు నిలిచింది. ఇంట్లో మూత బిగించిన మిక్సీలో వేడి పాలు తిప్పకండి. ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి చేతులు కాలుతాయి.

రుచి పొసగడం మరో చిక్కు. ఘాటైన ఎక్స్‌ట్రా వర్జిన్ నూనెకు సహజంగా చేదు ఉంటుంది. ఇటలీ వారి కొరటీనా, స్పెయిన్ వారి పిక్వాల్ రకాలు అలాంటివి. చికోరి, రోబస్టా గింజల చేదుతో అది కలిస్తే గ్లాసు చివరిదాకా తాగలేరు. స్పెయిన్ వారి ఆర్బెకీనా రకం మెత్తగా ఉంటుంది. దుకాణంలో చివరికి నిలిచింది ఆర్బెకీనా నూనె, చికోరి లేని ప్లాంటేషన్ ఎ అనే అరబికా గింజల పొడి, చిక్కటి పాలు. ఇక్కడ ఒక ఇరకాటం ఉంది: కాఫీతో పొసగే మెత్తని నూనెలో పాలీఫినాల్స్ తక్కువ, పాలీఫినాల్స్ ఎక్కువగా ఉన్న ఘాటు నూనె కాఫీతో పొసగదు. పాలీఫినాల్స్ రక్తంలోని కొవ్వును ఆక్సీకరణ నుంచి కాపాడతాయని రాసుకోవాలంటే 20 గ్రాముల నూనెలో హైడ్రాక్సీటైరోసాల్, దాని సంబంధిత పదార్థాలు కలిపి కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలని యూరోపియన్ యూనియన్ 2012లో నియమం పెట్టింది. ఆ మోతాదున్న ఘాటు నూనెకు సరైన చోటు కాఫీ గ్లాసు కాదు, కారం పొడి కలిపిన వేడి అన్నం. ఘాటుకు ఘాటు అక్కడ చక్కగా సరిపోతుంది. ఇది నా ఇష్టమే అయినా, మీరూ ఒకసారి రుచి చూడండి.

కొనేటప్పుడు సీసా ముందువైపు బొమ్మను కాక వెనకవైపు అక్షరాలను చదవండి. ‘పోమస్’ అని ఉంటే అది నూనె తీశాక మిగిలిన చెక్క నుంచి హెక్సేన్ వంటి ద్రావకంతో లాగి, శుద్ధి చేసిన నూనె. వేపుళ్లకు అది పనికివస్తుంది, కానీ మీరు విన్న సుగుణాల కోసం దాన్ని కొంటే డబ్బు వృథా. ‘లైట్’, ‘ప్యూర్’ అని ఉన్నవాటిలో ఎక్కువ భాగం శుద్ధి చేసిన నూనే. అక్కడ లైట్ అంటే కేలరీలు తక్కువని కాదు, రంగు, రుచి పలచనని. ఎక్స్‌ట్రా వర్జిన్ అనిపించుకోవాలంటే స్వేచ్ఛా ఆమ్లత (నూనె నుంచి విడిపడిన ఆమ్లాల శాతం) 0.8 శాతం దాటకూడదు, పెరాక్సైడ్ విలువ (గాలి తగిలి నూనె ఎంత చెడిందో చెప్పే కొలత) 20 దాటకూడదు, రుచి చూసే నిపుణుల బృందానికి వాసనలో, రుచిలో లోపం కనిపించకూడదు. ఈ పరీక్షలు ఎక్కువగా నూనె సీసాకెక్కక ముందు జరిగేవి. సముద్రం దాటి వచ్చి, గోదాములో, దుకాణంలో ఎండ తగులుతూ నిలిస్తే సీసాలో మిగిలేది వేరు.

మన ఎండల్లో ఈ సంగతి మరీ ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో కడప, కర్నూలులలో 42, 43 డిగ్రీలు మామూలు. వేసవి దాటాక నా దగ్గరికి పరీక్షకు వచ్చే ఆలివ్ నూనెల్లో కనరు వాసన తరచుగా కనిపిస్తుంది, అందులోనూ తెల్ల గాజు సీసాల్లో, పొయ్యి పక్కన ఉంచినవాటిలో. ఆలివ్ నూనెలోని ఆకుపచ్చ రంగు వెలుతురు తగిలితే నూనె చెడిపోవడాన్ని వేగవంతం చేస్తుంది, అందుకే ముదురు రంగు సీసా లేదా డబ్బా కావాలి. కోత కోసిన తేదీ రాసి ఉంటే అది ఏడాదిలోపుదై ఉండాలి. చిన్న సీసా కొని, మూత తీసిన రెండు నెలల్లో వాడేయండి. పెద్ద డబ్బా చవకగా వస్తోందని కొనవద్దు.

గానుగ వేరుశనగ నూనె మాటకు వస్తే, మీ ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. కాఫీలో అది వద్దు, ఆ వాసనకూ కాఫీ వాసనకూ పొసగదు. కానీ వంటలో ఆలివ్ నూనె లేకపోతే గుండెకు రక్షణ లేదనుకోవడం తప్పు. వేరుశనగ నూనెలోనూ ఓలియిక్ ఆమ్లమే ఎక్కువ. మామూలు రకాల్లో 40 నుంచి 50 శాతం వరకు ఉంటుంది, సంతృప్త కొవ్వు 20 శాతం లోపే. కదిరి పరిశోధనా కేంద్రం ఇచ్చిన కె-6 వంటి రకాలను పండించే మన రైతులకు ఇప్పుడు గిర్నార్-4, గిర్నార్-5 అనే రకాలు కూడా ఉన్నాయి. వాటిని జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధనా సంస్థ, హైదరాబాద్ దగ్గరి అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ కలిసి రూపొందించాయి. వాటిలో ఓలియిక్ ఆమ్లం 78 శాతానికి అటూఇటూ ఉంటుంది, అంటే కొవ్వు ఆమ్లాల లెక్కలో అది ఆలివ్ నూనెకు సమానం. ఆలివ్ పాలీఫినాల్స్ దానిలో ఉండవు, ఆ తేడా ఉంది. కానీ ఓలియిక్ ఎక్కువగా ఉన్న నూనె తొందరగా కనరెక్కదు. మన ఎండలకు అది చిన్న లాభం కాదు. ఈ గింజలతో గానుగ ఆడించి, ఆ విషయం సీసా మీద రాసి అమ్మే రోజు మన జిల్లాల్లో రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. గానుగ నూనె కొనేవారికి ఒక జాగ్రత్త: గింజలు బూజు పట్టినవైతే అఫ్లటాక్సిన్ అనే విషం నూనెలోకి దిగుతుంది, శుద్ధి చేయని నూనెలో అది అలాగే ఉంటుంది. కాబట్టి ఆడించే ముందు గింజలను మీ కళ్లతో చూడనిచ్చే గానుగ దగ్గరే కొనండి.

ఇంత చెప్పాక కూడా మీకు ఒకసారి కాఫీలో కలిపి చూడాలని ఉంటే, మీకు పిత్తాశయపు రాళ్లు, గుండెలో మంట లేకపోతే, ఇలా చేయండి. టిఫిన్ తిన్న తరువాత తాగే కాఫీలో, ఒక చిన్న చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, 40 కేలరీలు మాత్రమే. ఆ రోజు ఆ మేరకు దోశ పెనం మీద నూనెనో, నెయ్యినో తగ్గించండి. సెలవు రోజున, ఇంట్లో ఉన్నప్పుడు మొదటిసారి తాగండి. కడుపులో తేడా కనిపిస్తే కొనసాగించవద్దు.

ఇప్పటికే ఒక సీసా కొన్నామని కూడా మీరు రాశారు. మూత తీసి వాసన చూడండి. పచ్చి గడ్డి, పచ్చి కాయ వాసన వస్తే అది తాజాది. ఊరుబిండి మీదో, పప్పు అన్నంలోనో, ఉడికించిన కూరగాయల మీదో రోజుకు ఒకటి రెండు చిన్న చెంచాలు, నెయ్యి వేసే చోట నెయ్యికి బదులుగా, అమ్మగారికీ మీకూ వాడుకోండి. ఏ వాసనా లేకుండా పలచగా ఉంటే, వెనక ఏమని రాసి ఉందో చదివి, పోమస్ అయితే వేపుళ్లకు కేటాయించండి. పాత వేరుశనగ గింజల్లాంటి కనరు వాసన వస్తే మాత్రం వంటకు కూడా వద్దు.